యంత్రముమీఁది నెపము

పూర్వము యజమానుఁడు సేవకుని పనినుండి తొలగింపవలసివచ్చినప్పుడు వానిని పిలిచి, యెదుట నిలువఁబెట్టి, "నాకుఁ గలసిరాలేదు, నీవు వేఱొకచోటు చూచుకొనుము" అని చెప్పెడివాఁడు. ఆ మాట కఠినమే. కాని చెప్పినవాని ముఖము విన్నవానికిఁ గానవచ్చెడిది. బదులు చెప్పుటకును, వేఁడుకొనుటకును, తుదకుఁ దిట్టుటకును నొక మనుష్యుఁ డెదుట నుండెడివాఁడు. నేఁటి మహాసంస్థలలో నా మాత్రపు మర్యాదయు నంతరించినది. ఉదయమునఁ గంప్యూటరు తెరమీఁద నొక యుత్తరము వచ్చును. మధ్యాహ్నమునకు ద్వారముకడ గుర్తింపుకార్డు పనిచేయదు. ఇట్లేల జరిగెనని యడిగితిమా, "పునర్వ్యవస్థీకరణ" మందురు; "వ్యయనియంత్రణ" మందురు; "కృత్రిమమేధ వచ్చినది, కాలము మాఱినది" అందురు. మనుష్యుని మనుష్యుఁడే తొలగించెనన్న మాటను మాత్ర మెవ్వరును బలుకరు. ఆ పలుకని మాటనే మేమీ వ్యాసమున విచారింపఁ దలఁచితిమి.

మొదట లెక్కలు చూతము. 2025 జులై నెలలో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థ తన యుద్యోగులలో నూటి కిద్దఱిని, అనఁగా నించుమించుగా 12,000 మందిని, ముఖ్యముగా మధ్యమోన్నత శ్రేణులవారిని, తొలగింపనున్నట్లు ప్రకటించెను. అంతకు ముందటి నెల చివర దాని యుద్యోగుల సంఖ్య 6,13,069. సెప్టెంబరు నెలాఖరునకు 5,93,314. మూఁడు నెలలలో 19,755 మంది తగ్గిరి. వీరిలోఁ దమంతటఁ దాము విడిచిపోయినవారును గలరు గనుక నందఱును వెడలఁగొట్టఁబడినవారే యని మే మనము. కాని యా సంస్థ నష్టములలో మునిఁగియుండెనా? 2024–25 ఆర్థికసంవత్సరమున దాని నికరలాభము 48,000 కోట్ల రూపాయలకుఁ బైమాటే.

అమెరికాలోని సంస్థల కథయు నిట్టిదే. మైక్రోసాఫ్టు 2025 మే నెలలో సుమారు 6,000 మందిని, జులైలో సుమారు 9,000 మందిని దీసివేసెను. ఆ రెంటి నడుమ, జూన్‌తో ముగిసిన సంవత్సరమున, దాని లాభము 10,000 కోట్ల డాలర్లను దాఁటెను. అమెజాన్ 2025 అక్టోబరులో 14,000 మందిని, 2026 జనవరిలో మఱి 16,000 మందిని దొలగింప నిశ్చయించెను. 2024లో దాని లాభము 5,900 కోట్ల డాలర్లు. ఇల్లు కాలుచున్నప్పుడు సామానులు బయటఁ బాఱవేయుట లోకమెఱిఁగినదే. ఇల్లు సర్వసంపదలతోఁ దులఁదూఁగుచుండఁగా నింటివారినే బయటికిఁ ద్రోయుట యేమి న్యాయము?

"యంత్రము వచ్చినది గదా, యేమి చేయుదుము?" అని సమాధానము. ఈ సమాధానము నిజమా యని యడుగుటకు మనకు హక్కు కలదు. దీనికి సాక్షులు యజమానులే. వారి సాక్ష్యములే యొకదానితో నొకటి పొసఁగవు. కృత్రిమమేధ వ్యాపించినకొలఁది రాఁబోవు సంవత్సరములలోఁ గార్యాలయోద్యోగుల సంఖ్య తగ్గునని అమెజాన్ యధిపతి యాండీ జాస్సీ 2025 జూన్ నెలలోఁ దన యుద్యోగులకు వ్రాసెను. అక్టోబరులోఁ దొలగింపులు జరిగినపిదప నాయనయే, యివి ధనముకొఱకుఁ గావనియు, ప్రస్తుతమునకు యంత్రముకొఱకును గావనియు, సంస్థయొక్క సంస్కృతికై చేసినవనియుఁ జెప్పెను. టాటా సంస్థ యధిపతి కృతివాసన్ గారును దమ తొలగింపులకుఁ గారణము కృత్రిమమేధ కాదనిరి. నైపుణ్యములకును, నియోగింపఁదగిన పనులకును బొందిక కుదురకపోవుటయే కారణమనిరి. వేఱొకవంక సేల్స్‌ఫోర్స్ సంస్థ యధిపతి మార్క్ బెనియాఫ్ తమ వినియోగదారుల సహాయశాఖలో 9,000 మంది చేయు పనికి యంత్రసహాయమున 5,000 మంది చాలుదురని 2025లో బాహాటముగాఁ జెప్పుకొనెను. ఒకరు యంత్రమే యనిరి. ఒకరు యంత్రము కాదనిరి. ఒకరు ముందౌననియు వెనుకఁ గాదనియు ననిరి. వాటాదారులు వినునప్పుడు యంత్రమును బొగడుటయు, తొలగింపఁబడినవారు వినునప్పుడు యంత్రమును మఱచుటయు వీరికి వాడుకయైనట్లు తోఁచుచున్నది.

అమెరికాలో 2025వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడిన యుద్యోగభంగములను లెక్కించినవారు మొత్తము 12 లక్షలకుఁ బైగాఁ దేల్చిరి. వానిలోఁ గృత్రిమమేధయే కారణమని సంస్థలు చెప్పుకొన్నవి సుమారు 55,000. నూటి కైదైనను లేవు. తక్కిన తొంబదియైదింటికిఁ గారణ మెవరు?

యంత్రము పనిచేయదని మే మనుట లేదు. కొంతపనిని నిశ్చయముగాఁ జేయుచున్నది. రేపు మఱింత చేయును. కాని పని నేర్చిన యంత్రమును జూచి మనుష్యుని దీసివేయుట వేఱు. నేర్చునన్న యాశతోనే ముందుగాఁ దీసివేయుట వేఱు. స్వీడన్ దేశపు క్లార్నా సంస్థ 700 మంది చేయు పనిని దన యంత్రము చేయుచున్నదని 2024లోఁ జాటెను. మఱుసటి సంవత్సరమే యా సంస్థ యధిపతి, వ్యయమునే చూచుకొనుటచే సేవయొక్క నాణ్యము తగ్గినదని యొప్పుకొని, మనుష్యులను దిరిగి చేర్చుకొన నారంభించెను. ఐబీఎం సంస్థకు నాయకుఁడైన అరవింద్ కృష్ణ మన పశ్చిమగోదావరి జిల్లాలోఁ బుట్టినవాఁడు. సిబ్బంది వ్యవహారములలోఁ గొన్ని వందలమంది పనిని యంత్రము చేయుచున్నదని 2025లోఁ జెప్పుచు, మిగిలిన ధనముతో వేఱుశాఖలలో మనుష్యులను జేర్చుకొంటిమనియు, మొత్తముమీఁద నుద్యోగులు పెరిఁగిరనియు నాయన చెప్పెను. ఒకే యంత్రము ఒకచోట మనుష్యులను బంపివేయుటకును, ఒకచోటఁ జేర్చుకొనుటకును గారణమైనచో, నిర్ణయించునది యంత్రము కాదనుట స్పష్టము. నిర్ణయించువాఁడు యజమానుఁడే.

మఱి యసలు కారణ మేమి? కృత్రిమమేధకు వలయు మహాభవనములకును, లెక్కించు యంత్రములకును, విద్యుచ్ఛక్తికిని ధనము నీళ్లవలె ఖర్చగుచున్నది. మైక్రోసాఫ్టు 2025 ఆర్థికసంవత్సరమున నట్టి భవనములకై 8,000 కోట్ల డాలర్లు వెచ్చింపఁ దలఁచినట్లు తానే ప్రకటించెను. ఇంత వెచ్చించియు లాభము తఱుగలేదని వాటాదారులకుఁ జూపవలెను. కట్టుచున్న భవనమును సగములో నాపుట కష్టము. కొనిన యంత్రమును దిరిగి యిచ్చుట కష్టము. ఒక్క సంతకముతోఁ దగ్గింపఁగల ఖర్చు మనుష్యుని జీత మొక్కటియే. కాఁబట్టి యంత్రము మనుష్యుని పనిని నేర్చుకొనుటకు ముందే మనుష్యుని జీతము యంత్రమునకుఁ జేరుచున్నది.

ఆ సంస్థకు నాయకుఁడు హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్ల. ఆయన యా పదవి కెక్కిన 2014లో మన పట్టణములలో మిఠాయిలు పంచుకొంటిమి. "మనవాఁడు" అని మురిసితిమి. అది తప్పు గాదు. కాని మనవాని కీర్తి నాతని బుద్ధికి గట్టి, యాతని హయాములోని తొలగింపులను మాత్రము యంత్రమునకుఁ గట్టుట యెట్టి లెక్క? పెత్తనమునకుఁ గొనియాడఁబడువాఁడు నిర్ణయమునకు జవాబుదారి గావలదా?

మాకుఁ జెప్పఁబడు నాక్షేపణలు మూఁడు. వానిని దాఁటవేయము.

మొదటిది, "మీరు యంత్రమునకు శత్రువులు, మగ్గముల నాఁడే చరిత్ర మీవంటివారిని ద్రోసివేసెను" అనుట. చరిత్ర చెప్పినది వినుఁడు. 1811లో నింగ్లండున లడ్డైటులు మగ్గములను బగులఁగొట్టినప్పుడు, మఱుసటి యేఁటనే యా నేరమునకు మరణశిక్ష విధించుచు నచ్చటి పార్లమెంటు చట్టము చేసెను. వారిలో ననేకులు యంత్రముతోఁ బనిచేసి బ్రదుకు నేర్పరులే. వారి కోపము యంత్రముమీఁదఁ గాదు. యంత్రమును జూపి కూలి తగ్గించినవారిమీఁద. అట్లే మన గోదావరి, కృష్ణ, గుంటూరు మండలముల సాలెవారు లాంకషైరు మిల్లుబట్టచేత మగ్గములు విడిచి కూలికిఁ బోయినప్పుడు, బట్ట చౌకయైనదని సంతోషించినవారు చాలమంది. ఆ చౌక యెవరి కంచమునుండి వచ్చినదో చూచినవారు కొందఱే. యంత్రముచేత మిగులు లాభము పనివానికిని, కొనువానికిని, యజమానునికిని బంచఁబడెనా యనునదియే నాఁటి ప్రశ్న. నేఁటి ప్రశ్నయు నదియే. పదిమంది పనిని యార్గురు చేయఁగలిగినచో, పదిమందియుఁ గొంచెము తక్కువకాలము పనిచేయవచ్చును. నలుగురికిఁ గ్రొత్తపని నేర్పవచ్చును. లేదా నలుగురిని వీథిలోఁ బెట్టవచ్చును. ఈ మూఁటిలో మూఁడవదానినే యెన్నుకొని, దానికిఁ బురోగతి యని పేరుపెట్టుటనే మేము నిరసించుచున్నాము.

రెండవది, "సంస్థ ధర్మసత్రము కాదు, లాభమే దాని ధర్మము" అనుట. మంచిది. మఱి లాభము తనదియే యైనప్పుడు పెట్టుబడి యెవరిదో చూతము. సాఫ్ట్‌వేర్ ఎగుమతులకు 2011వఱకు నాదాయపుపన్ను మినహాయింపు నిచ్చినది ప్రజలు. 2005 నాఁటి చట్టముచొప్పునఁ బ్రత్యేక ఆర్థికమండలములలో రాయితీలిచ్చినది ప్రజలు. 1998లో మాధాపురమున హైటెక్ సిటీ తొలిభవనము లేచినది మొదలు రోడ్లు, నీళ్లు, దీపములు సమకూర్చినది ప్రజలు. బీదవిద్యార్థుల ఇంజనీరింగు జీతములను ఖజానానుండి చెల్లించి, పని నేర్చినవారిని లక్షలసంఖ్యలో వాకిటికిఁ బంపినది ప్రజలు. అంతయేల? 2025 ఏప్రిల్ నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము విశాఖపట్టణము ఋషికొండకడ 21.16 ఎకరముల నేలను టాటా సంస్థకు 99 పైసల నామమాత్రపు ధరకు నీయఁ దీర్మానించెను. దానికిఁ బ్రతిగాఁ జెప్పఁబడిన యుద్యోగములు 12,000. నాలుగు నెలలు తిరుగకమునుపే యదే సంస్థ తొలగింతునన్న యుద్యోగములును సుమారు 12,000! ఒకచేత నిత్తునని, యొకచేతఁ దీసికొన్నచో, 99 పైసలకుఁ బోయిన నేల మాత్రము నికరముగాఁ బోయినది. ధర్మసత్రము కాదన్నవారు ధర్మముగా వచ్చిన నేలను బుచ్చుకొనునప్పు డీమాట యేల తలఁపరో!

మూఁడవది, "వీరు లక్షల జీతములు తిన్నవారు, వీరికై కన్నీరేల?" అనుట. ఇది యజమానుల మాట కాదు. మన యిరుగుపొరుగువారి మాట. ఇందు న్యాయముకన్న నీర్ష్య యధికము. పెద్దసంస్థలలోఁ గ్రొత్తగాఁ జేరువారి జీతము పదియేండ్లకుఁ బైగా సంవత్సరమునకు మూఁడు, మూఁడున్నర లక్షలచుట్టునే తిరుగుచున్నది. ఇంటియద్దెయు, బియ్యపుధరయు నట్లు నిలిచియుండలేదు. నలువదియేండ్లు దాఁటి, యింటియప్పు సగము తీఱి, పిల్లలు బడిలో నున్నవానిని దీసివేసినచో వానిని మఱల నెవరు చేర్చుకొందురు? అమెరికాలో హెచ్-1బి యనుమతిపై నున్న మన తెలుఁగువారికి పని పోయినచో మఱియొక పని వెదకికొనుటకు 60 దినములే గడువు. అక్కడనే పుట్టి యక్కడి బడిలోఁ జదువుచున్న బిడ్డతో నా యిల్లాలు పెట్టెలు సర్దుకొనవలెను. అంతకన్నఁ గ్రింద నింకొక వరుస కలదు. కార్యాలయములఁ దుడుచువారు, కావలివారు, కార్లు నడపువారు, వసతిగృహములలో వండువారు: వీరి యుద్యోగభంగములను ఏ ప్రకటనయు లెక్కపెట్టదు.

ఇఁక మనవంక చూచుకొందము. పరులను దూఱుట సులభము. సంస్కారము స్వగృహమునుండి రావలెను.

మేమెఱిఁగిన యొక గృహస్థుని కుమారుఁడు హైదరాబాదున నొక సంస్థలోఁ బదునొకండేండ్లు పనిచేసెను. ఒకనాఁడు వానిని చిన్నగదిలోనికిఁ బిలిచి, "నీయంతట నీవే రాజీనామా వ్రాసితివా, మంచిపత్రమిత్తుము; లేనిచోఁ దొలగించినట్లు వ్రాయుదుము" అని గంట గడువిచ్చిరి. వ్రాసియిచ్చెను. పిదప రెండునెలలు ప్రతిదినము నుదయమున సంచి తగిలించుకొని, తల్లి కట్టిన యన్నపుగిన్నెతో బయలుదేఱి, చిక్కడపల్లి గ్రంథాలయమునఁ గూర్చుండి, సాయంకాల మింటికి వచ్చుచుండెను. ఇంటియప్పు వాయిదా చెల్లలేదని బ్యాంకువారు తండ్రికి ఫోనుచేసినప్పుడు గుట్టు బయటఁబడెను. "మాతో నొక్కమాట చెప్పకపోయితివేమిరా, అబ్బాయీ?" అని తండ్రి యడిగెను. "చెల్లి పెండ్లి కుదిరినదాఁక నాఁగుద మనుకొంటిని, నాన్నగారూ" అని వాఁడు తలవంచుకొనెను.

ఈ జవాబును జదువరులు మఱల నొకసారి చదువఁ గోరెదము. వాఁడు భయపడినది యాఁకలికిఁ గాదు, మనకు. అన్నయుద్యోగము పోయినచోఁ జెల్లెలి సంబంధము తప్పిపోవు సంఘము మనది. సాఫ్ట్‌వేర్ పెండ్లికుమారునికి సంస్థపేరునుబట్టి, దేశమునుబట్టి వరకట్నపు ధర కట్టిన సంఘము మనది. కట్నమును నిషేధించుచు 1961లోఁ జట్టము వచ్చినను, జీతపుచీటిని జాతకముకన్న ముందుగాఁ జూచుచున్నాము. ఒకే చదువు, ఒకే కొలువు, ఒకే నగర మని బిడ్డల నందఱి నొకే యిఱుకు సందులోనికిఁ దోలి, యమీర్‌పేటలోఁ బూటకొక క్రొత్తవిద్య కొనిపెట్టి, ఆ సందు మూయఁబడఁగానే "వీనికిఁ జేతకాలేదు" అనుచున్నాము. యజమానుఁడు తీసివేసినది కొలువు మాత్రమే. ఆ కొలువుతోడనే వాని మానమునుగూడఁ దీసివేసినవారము మనము.

ఉద్యోగులలోను దోషము కలదు. "సంఘములు మిల్లుకూలీలకుఁ గాని మనకేల? మనము మేనేజర్లము" అని యిన్నాళ్లు చంకలు గ్రుద్దుకొనిరి. ఆ బిరుదమే వారికి సంకెలయైనది. 1947 నాఁటి పారిశ్రామిక వివాదముల చట్టముచొప్పునఁ బనివానిని దీసివేయవలెనన్న నొక నెల ముందు తెలుపవలెను. చేసిన ప్రతిసంవత్సరమునకుఁ బదునైదు దినముల వేతన మీయవలెను. సామాన్యముగా, వెనుక వచ్చినవాఁడు ముందు పోవలెను. యంత్రములను, పద్ధతులను మార్చుటచేఁ బనివారు తగ్గుదురన్నచో, ముందుగా వారికి నోటీసు నీయవలెననియు నందుఁ గలదు. 2025 నవంబరు 21 నుండి దానికి బదులుగా నమలులోనికి వచ్చిన పారిశ్రామిక సంబంధముల స్మృతియు నీ నియమములను నిలుపుకొని, తొలగింపఁబడిన ప్రతివానికిఁ గ్రొత్తవిద్య నేర్పు నిధికై పదునైదు దినముల వేతనమును యజమానుఁడు చెల్లింపవలెనని చేర్చెను. కాని యీ రక్షణ "పనివానికే" గాని పెత్తనము చేయువానికిఁ గాదు. తొలగింపఁబడినవానికే గాని రాజీనామా వ్రాసినవానికిఁ గాదు. కాఁబట్టియే యందఱికిఁ బెత్తనపు పేళ్లు. కాఁబట్టియే చిన్నగది, గంట గడువు, బలవంతపు సంతకము.

పేరు పెద్దదైనంతమాత్రమునఁ బనివాఁడు కాకపోఁడు. 2015లో తొలగింపఁబడిన యొక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తాను పనివాఁడనే యని వ్యాజ్యము వేయఁగా, 2022లోఁ జెన్నపట్టణపు కార్మికన్యాయస్థానము దాని నంగీకరించి, వానిని దిరిగి చేర్చుకొనుమని తీర్పు చెప్పెను. న్యాయము దొరకినది, కాని యేడేండ్లు పట్టినది. ఒంటరివాని కేడేండ్లు పట్టినది సంఘమున కెంతకాలము పట్టునో చూడుఁడు. ఆస్ట్రేలియాలోఁ గామన్‌వెల్త్ బ్యాంకు, మాటలాడు యంత్రమును బెట్టితిమని 45 మందిని దొలగింపఁబూనఁగా, ఉద్యోగసంఘ మెదిరించెను. కొలఁదివారములలోనే, 2025 ఆగస్టులో, ఆ బ్యాంకు తాను పొరపడితినని యొప్పుకొని, క్షమాపణ చెప్పి, నిర్ణయమును వెనుకకుఁ దీసికొనెను. అచ్చటను యంత్ర మదియే, యజమానుఁ డట్టివాఁడే. భేదమెల్ల నుద్యోగులు కలసి నిలుచుటలోనే యున్నది.

కాఁబట్టి మేము కోరునవి గొప్పవి గావు. పెక్కుమందిని దొలగించు సంస్థ యేకారణమునఁ దొలగించుచున్నదో వ్రాఁతమూలకముగాఁ జెప్పవలెను. న్యూయార్కు రాష్ట్రము 2025 నుండి సామూహికపు తొలగింపుల నోటీసులలో యంత్రము కారణమా కాదా యని యడుగుచున్నది, మన ప్రభుత్వములు నట్లే యడుగవచ్చును. గది మూసి వ్రాయించుకొన్న రాజీనామాను రాజీనామాగా నెంచరాదు. లాభములో నున్న సంస్థ పాతవానికిఁ గ్రొత్తపని నేర్పఁ బ్రయత్నించితి నని చూపక తీసివేయరాదు. ప్రజల నేల నుచితముగాఁ బుచ్చుకొన్నవారు చెప్పిన యుద్యోగములు చూపలేనిచో నేలకు నిజమైన ధర చెల్లింపవలెను. ఉద్యోగులు సంఘములుగా నేర్పడవలెను. అందు వంటవానిని, కారు నడపువానినిఁ గూడఁ గలుపుకొనవలెను.

ఇవి ప్రభుత్వమును, సంస్థలును, ఉద్యోగులును జేయవలసినవి. చదువరులారా, మీరు చేయవలసినది యింతకన్న సులభము, నేఁడే చేయఁదగినది. మీ యింట నుద్యోగము పోయినవాఁ డున్నచో వానిని గ్రంథాలయమునకుఁ బంపకుఁడు. ప్రక్కను గూర్చుండఁబెట్టుకొని యన్నము పెట్టుఁడు. సంబంధమునకు వచ్చినవారు వాని జీత మెంతని యడిగినచో, వాఁ డెట్టివాఁడని యడుగవలసినదని చెప్పుఁడు. ఎవరైన మీతో "యంత్రము వానియుద్యోగము తీసికొన్నది" అనిరా, ఆ తొలగింపుకాగితము క్రింద సంతకము చేసిన దెవరని యడుగుఁడు. యంత్రమునకు సంతకము లేదు.